అమ్మ ఊఁ కొట్టడం మానేశాక

మా అమ్మ ఊఁ కొట్టడం మానేసి అప్పటికి ముప్పై ఆరు రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోనక్కర్లేదు, మా ప్రయోగశాల గోడ మీది తెల్లబోర్డే చెప్పేది. "ఏడవ వ్యక్తి, బిగింపు తర్వాత 36" అని నీలం రంగులో రాసి ఉంది. ఆ ఏడవ వ్యక్తి మా అమ్మ తవిటమ్మ. రోజూ పొద్దున్నే పాత అంకె చెరిపి కొత్తది రాసేది నేను. నలభై దాటితే రాయాల్సిన పని ఉండదు. జరిగినదాన్ని వెనక్కి తిప్పే వీలూ ఉండదు.

విశాఖపట్నంలో ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి, అంటే పదిహేనేళ్ళుగా, సాయంత్రం ఆరింటికి అమ్మకు ఫోను చేస్తాను. మాట్లాడేది నేను, ఊఁ కొట్టేది ఆవిడ. బస్సులో సీటు దొరకలేదంటే ఊఁ. పప్పు మాడిపోయిందంటే ఊఁ. నా పెళ్ళి కుదిరిందన్నప్పుడూ ఊఁ, మూడేళ్ళ తర్వాత అది చెడిందన్నప్పుడూ ఊఁ. రెండో ఊఁ కాస్త పొడుగ్గా వచ్చింది, అంతే తేడా. ఆవిడ నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, అదీ నిప్పున్న కొస లోపలికి పెట్టి. మావైపు దాన్ని అడ్డపొగ అంటారు. పెదాలు బిగించి ఉండాలి కాబట్టి నోరు విప్పి మాట్లాడటం కుదరదు. ముక్కుతో అనగలిగేది ఊఁ ఒక్కటే.

ఆ ముప్పై ఆరు రోజులూ నేను చెబుతుంటే అవతల చప్పుడుండేది కాదు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

"వింటున్నావా?"

"ఇంటన్నాను."

కోర్టులో సాక్షి చెప్పినట్టు చెప్పేది. తప్పు నాదే కనక నాకు ఒళ్ళు మండే హక్కు కూడా లేదు.

మాది ఉద్దానంలో, సముద్రానికి దగ్గరలో ఒక ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు. ఊరి చివర రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో తాడు పేనుతారు. అమ్మ ఎనిమిదో ఏట పేనడం నేర్చుకుంది, పదిహేడో ఏట చుట్ట పట్టింది. ఆ షెడ్డులో మామూలుగా చుట్ట కాల్చకూడదు. ఎండిన పీచు మీద ఒక్క రవ్వ పడితే రేకులు తప్ప ఏమీ మిగలవు. అందుకే వాళ్ళు నిప్పును నోట్లో దాచుకుంటారు. రెండు చేతులూ పనిలో ఉంటాయి, బూడిద కిందపడదు, గాలికి ఆరదు. బయటివాళ్ళు వింతగా చూస్తారు గానీ, పని ఆపడానికి వీల్లేని మనిషి కనిపెట్టుకున్న పద్ధతి అది.

దాని ఖరీదు అంగిలి కడుతుంది. మా అమ్మమ్మకు అంగిట్లో పుండు పడి చివరికి చిల్లయింది. పోయిన సంక్రాంతి దాటాక అమ్మ నోట్లో టార్చి వేసి చూస్తే పైన రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనబడింది. ఆ మచ్చ ముదిరితే ఏమవుతుందో నాకు చదువు చెప్పింది, ఆవిడకు వాళ్ళమ్మ చూపించింది. అయినా మానలేకపోయింది. మూడుసార్లు ఒట్టు పెట్టింది. మూడుసార్లూ తనకు తెలియకుండానే చుట్ట వెలిగించుకుని, సగం కాలాక చూసుకుంది.

"నానెట్టుకోనేదే పుణ్యా, అదే నోట్లోకొచ్చీసింది," అంది. అబద్ధం కాదని నాకు తెలుసు. నా ఉద్యోగమే అది.

మెదడులో ముందుకు తోసే కణాలున్నట్టే ఆపేసే కణాలూ ఉంటాయి. కొత్త పని చేసేటప్పుడు ఆపేవి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ప్రతి అడుగునూ ఆలోచించి వెయ్యాలి. అదే పని వెయ్యిసార్లు చేస్తే ఆ పని మీదున్న పట్టు సడలిపోతుంది. తర్వాత ఎవరి అనుమతీ అక్కర్లేకుండా అది జరిగిపోతుంది. ఇదంతా వంటింట్లో అమ్మకు చెబితే, వంకాయలు తరుగుతూ విని, "అంటే తలుపుకి గొళ్ళెమూడిపోనట్టు. గాలేసినా తెరుసుకుంటాది," అంది. నా సిద్ధాంతవ్యాసం మూడొందల పేజీలు. అందులో ఇంత తేలిగ్గా ఎక్కడా లేదు.

మేం చేసిందల్లా ఆ గొళ్ళేలను మళ్ళీ బిగించడం. మొదటి రోజు 'గుర్తు'. నరంలోకి మందు ఎక్కించి, తలకు టోపీ పెట్టి, ఆ మనిషిని తన అలవాటు పని చెయ్యమంటాం. ఆ కాసేపట్లో సడలి ఉన్న గొళ్ళేలన్నిటికీ మందు అంటుకుంటుంది. రెండో రోజు 'బిగింపు'. టోపీలోంచి చెవికి వినబడని శబ్దం పంపితే మందు అంటినవన్నీ బిగుసుకుంటాయి. నలభై రోజుల్లోపు కావాలంటే సడలించవచ్చు. ఆ తర్వాత కణాల చుట్టూ సన్నని పొర అల్లుకుని గట్టిపడిపోతుంది, ఇక అది మా చేతికి రాదు.

అమ్మకు ముందు ఆరుగురికి చేశాం. ఆరుగురూ మగవాళ్ళే, ఖైనీ నమిలేవాళ్ళు, సిగరెట్లు కాల్చేవాళ్ళు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని తీరుబడిగా కాల్చారు, గ్రాఫు లేచింది, గుర్తు పడింది. నాలుగోరోజుకల్లా మానేశారు. మా ప్రొఫెసర్ జోగారావు గారు ఆరు పేర్లకీ ఎదురుగా టిక్కులు పెట్టి, "ఈసారి ఆడమనిషి కావాలమ్మా పుణ్యవతీ," అన్నారు. నేను మా అమ్మ పేరు చెప్పాను. ఆవిడ ప్రాణం కాపాడాలన్నది నిజం. ఏడో టిక్కు నా చేత్తో పెట్టాలన్నదీ నిజం. రెండూ చెబితేనే నిజం పూర్తవుతుంది.

గుర్తు రోజున అమ్మ టోపీ పెట్టుకుని, అదే కుర్చీలో, ఏసీ గదిలో కూర్చుంది. చుట్ట వెలిగించి తిరగేసి నోట్లో పెట్టుకుంది. ఇరవై నిమిషాలు కాల్చింది. తెర మీద గీత నేల మీద వేసిన పురికొసలా పడి ఉంది తప్ప లేవలేదు. మందు పనిచేసే సమయం గంట మాత్రమే. జోగారావు గారు పక్కగదిలో ఫోనులో ఉన్నారు.

"ఏంటమ్మా, ఇంట్లో కాల్చినట్టు కాల్చు."

చుట్ట తీసి చెప్పింది. "ఇంట్లో కూకుని ఎప్పుడు కాల్సినానే? కాలీ సేతుల్తో రుసి తెలీడం నేదు."

అప్పుడు నాకు గొప్ప తెలివి పుట్టింది. అమ్మ ఊరినుంచి వచ్చేటప్పుడు సామాను కట్టిన గోనెసంచిలో, దారిలో పేనుకోవడానికి తెచ్చుకున్న పీచు ఉంది. తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆవిడ ముఖం తేటపడింది. చేతులు కదలడం మొదలెట్టగానే గీత లేచింది. ఇంకా బాగా లేవాలని, ఆవిడకు కాలక్షేపంగా ఉంటుందని, పక్కనే స్టూలు వేసుకుని ఏవో కబుర్లు చెప్పాను. ఆవిడ ఊఁ కొట్టింది. గీత తెర పైఅంచుకు వెళ్ళి ఆగింది. జోగారావు గారు తలుపు తీసుకుని వచ్చి, గ్రాఫు చూసి చప్పట్లు కొట్టారు.

మర్నాడు బిగించాం. మూడో రోజున ఊరు చేరగానే అమ్మ చుట్టల డబ్బా పక్కింటి గున్నమ్మకు ఇచ్చేసింది. నేను బోర్డు మీద టిక్కు పెట్టాను, పొడుగ్గా.

వారం తర్వాత ఊరికి వెళ్ళాను. షెడ్డులో పదకొండు జతల చేతులు ఆడుతున్నాయి. అమ్మ తన పాత చోటులోనే, స్తంభానికి ఆనుకుని కూర్చుని అరచేతుల్లోకి చూసుకుంటోంది. ఒళ్ళో పీచు ఉంది. రెండు పాయలు విడదీసింది. ఆగింది. కుడి అరచెయ్యి ముందుకు తోసింది. ఆగింది. ఇంకొంచెం పీచు చేర్చాలి, ఎంత చేర్చాలో వేళ్ళతో తడిమి చూసుకుంది. జానెడు తాడు పేనేసరికి నుదుటి మీద చెమట పట్టింది. ఆ తాడైనా ఒకచోట లావు, ఒకచోట సన్నం.

"మరిసిపోనావేటే తవిటమ్మా?" అని గున్నమ్మ పరాచికమాడింది. ఆవిడ నోట్లో చుట్ట లేనప్పుడే మాట్లాడుతుంది కనక, ఆ ఒక్క మాట కోసం చుట్ట తీసిందన్నమాట.

"మరిసిపోనేదు. అన్నీ గుర్తే," అంది అమ్మ. తర్వాత నాతో చిన్నగా అంది. "మునుపు సేతులు వాటిపాటికవి సేసీవి. ఇప్పుడు పెతీదీ నాను సెప్పాలి. ఇలగ తియ్యి, ఇలగ తిప్పు అని. రోజంతా ఎవుల్నో పన్లోకెట్టి పక్కనే నిలబడ్డట్టుంటాది. తొమ్మిదయ్యేసరికే అలిసిపోతన్నాను పుణ్యా."

రోజుకు వంద బారల తాడు పేనే మనిషి. వేటకు పోయే పడవలవాళ్ళు లంగరుకు తవిటమ్మ తాడే కావాలని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ రోజు సాయంత్రానికి ఆరు బారలు పేనింది. షెడ్డు నడిపే ఆవిడ మంచిది కాబట్టి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి అమ్మను పీచు కొట్టే చోట కూర్చోబెట్టింది. కొత్తగా చేరిన పిల్లలు కూర్చునే చోటు అది.

తిరిగొచ్చి గుర్తు రోజు వీడియో పెట్టుకుని చూశాను. పీచు అమ్మ ఒళ్ళో పెట్టిన చేతులు నావి. తర్వాత నా గొంతు వినబడింది, ఏదో క్యాంటీన్ గోల చెబుతున్నాను. ఊఁ. ఇంకేదో చెప్పాను. ఊఁ. గీత పైఅంచుకు చేరిన ప్రతిచోటా మూడూ ఉన్నాయి, పొగ, తాడు, ఊఁ. నలభై ఏళ్ళుగా ఆవిడ ఆ మూడింటినీ విడివిడిగా ఎప్పుడూ చెయ్యలేదు. మగవాళ్ళ తీరుబడిని కొలవడానికి కట్టిన పద్ధతిలో మా అమ్మను కూర్చోబెట్టి, అది సరిపోకపోతే సరిపోయేలా ఆవిడ బతుకంతా తెచ్చి ఒళ్ళో పెట్టాను. మందుకు మంచీ చెడూ తెలియదు. సడలినవన్నీ బిగించింది.

రిపోర్టులో పీచు సంగతి రాయలేదు నేను. నాలుగు వారాలు భయంతో దాచి, ముప్పై ఆరో రోజున జోగారావు గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరవై దాటిన మనిషి, నాలుగేళ్ళుగా సెలవు పెట్టలేదు.

"చూశానమ్మా," అన్నారు. "ఆ రోజు తలుపు తీసినప్పుడే ఆవిడ చేతిలో తాడు చూశాను."

"మరి అడగలేదేం సార్?"

"ఆడవాళ్ళకి ఇది పనిచెయ్యదేమోనని నాకు బెంగగా ఉండేది. గ్రాఫు లేచింది. లేచినదాన్ని ఎందుకు లేచావని అడిగే ఓపిక నాకు లేకపోయింది." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇంకా నాలుగు రోజులుంది. ఆవిడని తీసుకురా. సడలించేద్దాం. ఏడో టిక్కు నేనే చెరుపుతాను."

సడలిస్తే చేతులు తిరిగొస్తాయి. చుట్టా తిరిగొస్తుంది. అంగిలి మీది మచ్చ అప్పటికే సగానికి తగ్గింది. ఫోనులో ఈ మాటలన్నీ అమ్మకు చెప్పాను. అవతల చప్పుడు లేదు. అంతా విన్నాక అడిగింది, "నివ్వేటంటావు?"

నేనేమనాలి? చుట్ట మానమని పదిహేనేళ్ళు పోరింది నేనే. "నువ్వు రా అమ్మా," అన్నాను.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్న వచ్చింది. ఈసారి పీచు బస్సులో పేనుకుంటూ రాలేదు, సంచిలో తెచ్చింది. సడలింపుకు కూడా పద్ధతి అదే. అలవాటు జరుగుతున్నప్పుడే గొళ్ళేలెక్కడున్నాయో యంత్రానికి కనబడుతుంది. ముందు తాడు ఒక్కటే పేనించి చూశాం, చుట్ట లేకుండా అవుతుందేమోనన్న ఆశతో. గీత కదల్లేదు. ఆలోచించి పేనే తాడు మెదడులో వేరే దారిన పోతోంది. పాత దారి తెరుచుకోవాలంటే పాత మూడూ కలవాలి.

జోగారావు గారు నాకేసి చూశారు. నేను చుట్ట వెలిగించి అమ్మకు ఇచ్చాను.

ఆవిడ పీచు ఒళ్ళో పెట్టుకుని చుట్టను వేళ్ళ మధ్య పట్టుకుంది. నిప్పున్న కొసను తనవైపు తిప్పుకుంది. నోటి దగ్గరకు తెచ్చింది. ఆగింది. కొంచెం వెనక్కి తీసుకుని ఆ ఎర్రటి కొసకేసి చూసింది. మళ్ళీ తెచ్చింది. పెదవికి వేడి తగిలి తల వెనక్కి లాక్కుంది.

"ఎలగెట్టుకునీదాన్నే?" అంది. నిజంగా నన్నే అడిగింది. "నాలుక ఏపక్కుండీది?"

"నువ్వే అమ్మా, నలభై ఏళ్ళు పెట్టుకున్నావు."

"నాను పెట్టుకోనేదు కదే. అది ఎల్లీది."

గోడ మీద గడియారం నడుస్తోంది. మందు ఎక్కించి అప్పటికే అరగంట అయింది. ఒళ్ళో పీచు, మూలన బోర్డు మీద 39. రేపు సెలవు, ఎల్లుండికి పొర గట్టిపడుతుంది. నాకు ఆ షెడ్డు స్తంభం గుర్తొచ్చింది, వంద బారలు గుర్తొచ్చాయి. అన్నిటికంటే సిగ్గులేకుండా, సాయంత్రం ఆరింటికి నాకు దక్కని ఊఁ గుర్తొచ్చింది. స్టూలు దగ్గరకు లాక్కుని ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"ఎట్టీసుకో అమ్మా. ఒక్కసారి కళ్ళు మూసుకుని ఎట్టీసుకో. కాలదు."

ఆ మాట నా నోటినుంచి వచ్చాక నాకే వినబడింది. మా ఊరి యాస పదిహేనేళ్ళ తర్వాత తిరిగొచ్చింది, అదీ మా అమ్మను నిప్పు మింగమనడానికి. జోగారావు గారు తల తిప్పుకున్నారు.

అమ్మ నా చెయ్యి విడిపించుకుంది. కోపంగా కాదు, మెల్లగా, ఒక్కొక్క వేలూ తీసి. చుట్టను బల్ల మీది స్టీలు పళ్ళెంలో ఆర్పింది. దాన్ని ఆర్పడానికి కూడా ఆలోచించింది, ఎంత నొక్కాలో.

"ఇన్నాళ్ళూ దీన్ని నాను సరిగ్గా సూడనేదు పుణ్యా," అంది. "ఇప్పుడు సూసినాను. సూసినాక నోట్లో ఎలగెట్టుకుంటాను?" పళ్ళేన్ని అవతలికి జరిపింది. "మాయమ్మకి ఆకర్ని గంజి నానే పోసీదాన్ని. నోట్లో పోత్తే ముక్కులోంచొచ్చీది. నోరు మూసుకుని కళ్ళనీళ్ళెట్టుకునీది. అదీ మర్సిపోనేదు."

"మరి తాడు?"

"ఎనిమిదేళ్ళప్పుడు నేర్సుకోనేదేటి? ఇప్పుడూ నేర్సుకుంటాను. అప్పుడు మాయమ్మ సేతిమీద కొట్టీది. ఇప్పుడు కొట్టీవాళ్ళు నేరు, అదొకటి మేలు." నవ్వబోయి మానేసింది. నవ్వడానికి కూడా ఓపిక చాలినట్టు లేదు.

టోపీ తీసేటప్పుడు జోగారావు గారు, "తవిటమ్మ గారూ, మావల్ల పొరపాటు జరిగింది," అన్నారు.

"జరిగిందిలెండి బాబూ," అంది అమ్మ. క్షమించాననలేదు, లేదనీ అనలేదు. సంచిలో పీచు సర్దుకుంది. ఆయన బోర్డు దగ్గరకెళ్ళి నేను పొడుగ్గా పెట్టిన టిక్కును చెరిపేశారు. దాని పక్కన పీచు సంగతి, తను చూసీ అడగని సంగతి, తేదీతో సహా ఎర్ర పెన్నుతో రాశారు. ఎనిమిదో వ్యక్తి రావాల్సిన తారీఖు కొట్టేశారు. నేను అమ్మను బస్సెక్కించడానికి వెళ్ళాను.

నలభై ఒకటో రోజున రాయడానికి అంకె లేదు. సాయంత్రం ఆరింటికి ఫోను చేశాను. అలవాటు, నాది ఎవరూ బిగించలేదు. ఆ రోజు తొమ్మిది బారలు పేనిందట. గున్నమ్మ పక్కన కూర్చుని పాయ జారినప్పుడల్లా తిడుతోందట. తర్వాత నా వంతు. జోగారావు గారు సెలవు పెట్టారని చెప్పాను. అవతల చప్పుడు లేదు. ఉన్నావా అని అడగబోయి ఆగాను.

చాలాసేపటికి, ఫోను పెట్టేసిందేమో అనుకున్నాక, వినబడింది.

"ఊఁ."

ముక్కుతో అన్నది కాదు. నోటితో, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లలా అంది.

"కష్టపడి అనక్కర్లేదమ్మా."

"అననీ. ఓ మాట సెప్పనా? మునుపు నివ్వు సెప్పినవి సగం నానిననేనేదు. పోను స్పీకర్లో ఉండీది, సేతులు తాడు మీదుండీవి, ఊఁ దానిపాటికది వొచ్చీసీది."

"సరేలే. ఇప్పుడో?"

"ఇప్పుడన్నీ ఇంటన్నాను. ఎంత మాటాడతావే తల్లీ నివ్వు! అలిసిపోతన్నాను."

నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. నా పెళ్ళి చెడిందన్న రోజు వచ్చిన ఆ పొడుగాటి ఊఁ ఏ సగంలోదో అడగాలనిపించింది. అడగలేదు. ఆ రోజు చెప్పాల్సిన కబుర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటే చెప్పాను, అన్నిటికంటే చిన్నది. చెప్పి, ఆవిడ ఊఁ అనేదాకా ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను.